ఇండోనేషియన్ కోర్సులో చేరేవాళ్ళకు: సులువైన నెలల్లోనే గట్టి పని చేయండి

ఇండోనేషియన్ చాలా సులువైన భాష అని మీకు ఇప్పటికే ఎవరో చెప్పే ఉంటారు. క్రియలకు కాలభేదం లేదు, లింగభేదం లేదు, విభక్తులు లేవు, రాసేది రోమన్ లిపిలో. ఇక కష్టమేముంది అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ నిజం మొదటి రెండు మూడు నెలల వరకే పనికొస్తుంది. నేను యోగ్యకర్తలో ఈ భాష చదువుకున్నాను. తర్వాత వ్యాపార పత్రాల అనువాదమే నాకు జీవనాధారమైంది. ఇప్పుడు ఏటా అక్కడి విశ్వవిద్యాలయాలకు వెళ్ళే పిల్లలకు బయలుదేరే ముందు కొన్ని సంగతులు చెబుతుంటాను. వాళ్ళలో చాలామందిది ఒకటే తీరు. మొదటి నెలలో బజారులో బేరమాడేస్తారు, ఇంటికి ఫోను చేసి భాష వచ్చేసిందంటారు. మూడో నెలలో దినపత్రికలో మొదటి పేరా దగ్గరే చతికిలబడతారు. అందుకే ఈ వ్యాసమంతా ఒకే సలహా చుట్టూ తిరుగుతుంది: భాష సులువుగా అనిపిస్తున్న రోజుల్లోనే దానిలోని కష్టమైన పనికి దిగాలి.

ముందుగా ఒక మాట. ఇండోనేషియన్ పదాలను తెలుగు లిపిలో రాస్తున్నాను. ఇంగ్లీషు అక్షరమాలలోని అయిదో అక్షరం ఉన్న చోటల్లా ఎత్వం పెట్టాను. అది ఎప్పుడూ ఎత్వంగానే పలకదు. ఆ సంగతి కింద వస్తుంది.

ఎక్కడ చేరాలి

విదేశీయులకు ఇండోనేషియన్ నేర్పే చదువును అక్కడ ‘బిపా’ అంటారు. ‘పరభాషీయులకు ఇండోనేషియన్ భాష’ అనే పేరుకు అది పొడి అక్షరాల రూపం. ఈ పొడి అక్షరాలకు ఇప్పుడే అలవాటు పడండి, ఆ దేశం వాటి మీదే నడుస్తుంది. దెపోక్‌లోని ఇండోనేషియా విశ్వవిద్యాలయం, యోగ్యకర్తలోని గజ మద విశ్వవిద్యాలయం, బాండుంగ్‌లోని విద్యా విశ్వవిద్యాలయం, మలాంగ్‌లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయం, అన్నిచోట్లా బిపా తరగతులున్నాయి. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం బిపాలో మొత్తం ఏడు స్థాయిలు. సొంత ఖర్చుతో వెళ్ళేవారు ఒక సెమిస్టరుకో రెండింటికో చేరవచ్చు. ఖర్చు భరించలేనివారు ‘దర్మసిస్వ’ స్కాలర్‌షిప్ చూడండి. ధర్మ, శిష్య అన్న మాటలే అవి. 1974లో మొదలైన ఈ పథకాన్ని ఇండోనేషియా ప్రభుత్వం దౌత్య సంబంధాలున్న దేశాల విద్యార్థులకు ఇస్తుంది. దీంతో డిగ్రీ రాదు. భాష, కళలు, సంస్కృతి నేర్చుకోవడానికే ఇది. డిగ్రీ కావాలంటే దారి వేరు: అక్కడి విశ్వవిద్యాలయంలో ఏ శాఖలో చేరినా చదువు ఎక్కువగా ఇండోనేషియన్‌లోనే నడుస్తుంది కనుక ముందు బిపా పూర్తిచేసుకోవలసి వస్తుంది.

ఏ ఊరు అన్నది జనం అనుకునేదానికన్నా ముఖ్యమైన విషయం. విశ్వవిద్యాలయం పేరు చూసి ఎంచుకుంటారు కానీ, ఆ ఊళ్ళో వీధిలో ఏ భాష నడుస్తుందని ఎవరూ అడగరు. ఇండోనేషియన్ ఆ దేశంలో అందరికీ వచ్చు, కానీ చాలామందికి అది ఇంటి భాష కాదు. అక్కడ అన్నిటికన్నా ఎక్కువమందికి మాతృభాష జావనీస్. అయినా 1928 అక్టోబరు 28న యువకులు చేసిన ప్రతిజ్ఞలో ఐక్యతకు భాషగా ఎంచుకున్నది జావనీస్‌ను కాదు, రేవుల్లో, సంతల్లో అందరూ వాడుకునే మలయ్ భాషను. దానికే ఇండోనేషియన్ అని పేరు పెట్టారు. 1945 రాజ్యాంగం 36వ అధికరణం దాన్ని రాజ్యభాషను చేసింది. మీకు దీనివల్ల ఒక లాభం, ఒక నష్టం. లాభమేమిటంటే, ఎదుటివాళ్ళలో చాలామంది కూడా దాన్ని బళ్ళో నేర్చుకున్నవాళ్ళే. మీ తడబాటును చూసి ఎవరూ నవ్వరు. నష్టమేమిటంటే, యోగ్యకర్తలో కూరగాయలమ్మే ఆవిడ పక్క కొట్టువాడితో మాట్లాడేది జావనీస్, బాండుంగ్‌లో అయితే సుందనీస్. చెవి ఒగ్గి వింటూ కూర్చుంటే మీ తరగతిలో చెప్పిన మాట ఒక్కటీ వినపడదు. జకార్తా, దాని చుట్టుపక్కల ఊళ్ళలో వీధి భాష ఇండోనేషియనే, కానీ అది మరీ వేగంగా, మరీ కొత్తగా ఉంటుంది. నన్నడిగితే యోగ్యకర్తే మేలు. ఖర్చు తక్కువ, విద్యార్థుల ఊరు, మీతో మాట్లాడేటప్పుడు జనం భాషను మార్చుకుని నెమ్మదిగా మాట్లాడతారు.

కాగితాల గురించి క్లుప్తంగా. ప్రవేశ పత్రం వచ్చాక విద్యార్థి వీసా, అక్కడికి చేరాక ఇమిగ్రేషన్ కార్యాలయంలో ‘ఈతాస్’ అనే పరిమిత నివాస అనుమతి. పర్యాటక వీసా మీద వెళ్ళి అక్కడ చూసుకుందాంలే అనుకోకండి. పాస్‌పోర్టు సైజు ఫొటోలు తెల్ల నేపథ్యంతో పాటు ఎరుపు నేపథ్యంతో కూడా తీయించుకుని వెళ్ళండి, అక్కడ రంగు నేపథ్యం అడగడం మామూలు. చదువుల సంవత్సరం ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతుంది. రెండో సెమిస్టరు ఫిబ్రవరిలో. రంజాన్ నెల ఎప్పుడు పడుతుందో ముందే చూసుకోండి. పండుగ రోజుల్లో సగం దేశం సొంతూళ్ళకు కదులుతుంది. టికెట్లు దొరకవు, విద్యార్థుల వీధుల్లో పూటకూళ్ళ కొట్లు మూసేస్తారు.

చేరిన మొదటి వారంలో మీ స్థాయి తేల్చే పరీక్ష పెడతారు. ఫోను యాప్‌లలో నేర్చుకుని వెళ్ళినవాళ్ళు అందులో గలగలా మాట్లాడి పై తరగతిలో పడతారు. అది గొప్ప కాదు. మాట్లాడగలిగి, వాక్యం సరిగ్గా రాయలేకపోతే కింది స్థాయిలోనే వేయమని మీరే అడగండి. ఎవరూ కాదనరు.

నోరు తిరగడం

తెలుగువాళ్ళకు ఇండోనేషియన్ ఉచ్చారణ కష్టం కాదు. అక్షరమాలలో మూడో అక్షరం ఎప్పుడూ ‘చ’యే. ‘త’ మన తకారమే, టకారం కాదు. ఇంగ్లీషు చదువు వల్ల ‘టిడాక్’ అనేవాళ్ళను చూశాను, అది ‘తిదాక్’. ఒత్తులు లేవు, దీర్ఘాలకూ హ్రస్వాలకూ తేడా లేదు. కానీ మూడు చోట్ల మన నాలుక మొండికేస్తుంది.

మొదటిది ఆ అయిదో అక్షరం. దానికి రెండు పలుకులు. ఒకటి మన ఎత్వం లాంటిది. రెండోది నోరు సగం తెరిచి వదిలేసే చిన్న ‘అ’ లాంటి శబ్దం. రెండోదే ఎక్కువ. ‘పెద్ద’ అనే అర్థంలో ‘బెసార్’ అని రాసినా పలికేది దాదాపు ‘బసార్’. మామూలు రాతలో ఈ తేడా చూపరు. ‘అపెల్’ అని రాస్తే ఒక పలుకులో ఆపిల్ పండు, ఇంకో పలుకులో వరుసలో నిలబెట్టి హాజరు తీసుకోవడం. కొత్త పదం రాసుకునేటప్పుడే దాని పక్కన ఏ పలుకో గుర్తు పెట్టుకోండి. తర్వాత సరిచేసుకోవడం చాలా కష్టం.

రెండోది మన అక్షరమాలలో ఉండి కూడా ఎవరూ వాడని ‘ఙ’. పువ్వును ‘బుఙ’ అంటారు, ‘బుంగ’ కాదు. ‘మెట్లు’ అనే మాటలో గకారం ఉంటుంది: ‘తాంగ’. ‘చెయ్యి’ అనే మాటలో ఉండదు: ‘తాఙన్’. బడిలో పలకమీద దిద్ది వదిలేసిన ఆ అక్షరాన్ని ఇప్పుడు బయటికి తీయాలి.

మూడోది పదం చివర. తెలుగు పదం అచ్చుతో ముగియాలని చూస్తుంది. మనకు తెలియకుండానే ‘మకాన్’ చివర ఒక చిన్న ‘ఉ’ తగిలిస్తాం. చివర ‘క’ ఉంటే మరీ ఇబ్బంది. ‘బపాక్’, ‘తిదాక్’ అన్నప్పుడు అక్కడ కకారం వినపడదు, గొంతులో టక్కున ఆగిపోతుంది. మీ గొంతును ఫోనులో రికార్డు చేసి వినండి. ఆ ‘ఉ’ మీకే వినిపిస్తుంది.

తెలుగు ఎక్కడ చేయి అందిస్తుంది

కోర్సుల పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు తెలిసినవాళ్ళ కోసం రాసినవి. వాళ్ళకు కష్టమైనవాటి మీద పేజీలకు పేజీలు ఉంటాయి. అందులో కొన్ని మనకు పుట్టుకతో వచ్చినవే. ‘మనం’, ‘మేము’ తేడా చెప్పడానికి ఒక అధ్యాయం కేటాయిస్తారు. ‘కిత’ అంటే మనం, ‘కామి’ అంటే మేము, అంతే. ఒక్క నిమిషం పని. ‘బుకాన్’, ‘తిదాక్’ అనే రెండు నిషేధాలు కూడా అలాంటివే: ‘ఆయన గురువు కాదు’ అనాలంటే బుకాన్, ‘ఆయన వెళ్ళడు’ అనాలంటే తిదాక్. నామవాచకానికి ‘కాదు’ వచ్చే చోట బుకాన్ అని పెట్టుకుంటే చాలావరకు తప్పు పోదు. ఇక ‘బెలుమ్’ అంటే ‘ఇంకా లేదు’. పెళ్ళయిందా అని అడిగితే తిదాక్ అనరు, బెలుమ్ అంటారు. ఆ ప్రశ్న మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను. చదివావా, తిన్నావా, చూశావా అన్న ప్రతిదానికీ ఇదే వరుస.

ఇంగ్లీషువాళ్ళు తలపట్టుకునే మరో చోట మనం హాయిగా నడిచిపోతాం. ‘ఆ పుస్తకం నేను చదివాను’ అని మనం కర్మను ముందు పెట్టి మాట్లాడతాం కదా. ఇండోనేషియన్‌లో కూడా ‘బుకు ఇతు సాయ బాచ’. బుకు ఇతు అంటే ఆ పుస్తకం, సాయ అంటే నేను, బాచ అంటే చదువు. వ్యాకరణ పుస్తకాలు దీన్ని కర్మణి ప్రయోగం అని భయపెడతాయి. భయపడకండి, తెలుగు వరుసలోనే చెప్పండి. ఒక్క జాగ్రత్త: ఈ వరుసలో క్రియ ముందు వచ్చే ‘మె’ ఉపసర్గ (దాని సంగతి కింద వస్తుంది) తగిలించకూడదు. ‘సాయ మెంబాచ బుకు ఇతు’ సరైనదే, ‘బుకు ఇతు సాయ మెంబాచ’ తప్పు.

ఎదురు తిరిగేవీ ఉన్నాయి. విశేషణం వెనక వస్తుంది: ‘రుమః బెసార్’ అంటే ఇల్లు పెద్ద. ‘నా పుస్తకం’ అనడానికి ‘బుకు సాయ’. ‘నిన్న వచ్చిన మనిషి’ అనాలంటే మనిషి ముందు, వచ్చినది తర్వాత, నిన్న చివర: ‘ఓరంగ్ యంగ్ దాతంగ్ కెమారిన్’. తెలుగు వాక్యాన్ని అద్దంలో చూసినట్టు ఉంటుంది. ఈ ‘యంగ్’ వాక్యాలు పది రాసి, పది పలికి, అలవాటు చేసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

సంస్కృతం మాటల మోసం

చుట్టూ తెలిసిన మాటలే కనపడతాయి. గురు, నామ, రాజ, మనుసియ, వర్న, ముక, బాహస. అరబ్బీ వైపు నుంచి కుర్సి, జవాబ్, దునియ. ‘అప కబర్’ అంటే ‘ఏమిటి కబురు’. పోర్చుగీసు వాళ్ళ అల్మారా అక్కడ ‘లెమారి’ అయింది. ఇవి చూసి సగం భాష మనదే అనుకుంటారు. కానీ తినడం, తాగడం, నిద్ర, నీరు, చెయ్యి, ఇల్లు, వెళ్ళడం, రావడం ఏవీ మనవి కావు. పొద్దుటి నుంచి రాత్రి దాకా వాడే మాటలన్నీ కొత్తగా నేర్చుకోవలసినవే.

తెలిసినట్టుండే మాటలే ఎక్కువ పడేస్తాయి. ‘నెగార’ అంటే నగరం కాదు, దేశం. ‘దేస’ అంటే దేశం కాదు, పల్లె. ‘కాత’ కథ కాదు, మాట. ‘బిచార’ విచారం కాదు, మాట్లాడటం. ‘దోస’ పాపం, ‘బహాయ’ ప్రమాదం, ‘అచార’ కార్యక్రమం, ‘అగామ’ మతం, ‘సాస్త్ర’ సాహిత్యం. విశ్వవిద్యాలయంలో చేరగానే తగిలేవి: ‘మహసిస్వ’ విద్యార్థి, ‘అస్రామ’ హాస్టలు, ‘విసుద’ స్నాతకోత్సవం. తెలిసిన మాట కనిపించిన ప్రతిసారీ అర్థం ఊహించకుండా నిఘంటువు తెరవండి.

మలేషియా వాళ్ళ పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయని వాటితో మొదలుపెట్టకండి. రెండూ దగ్గరి భాషలే, కానీ ‘పెర్చుమ’ అంటే మలేషియాలో ఉచితం, ఇండోనేషియాలో వృథా.

వేరుమాటల నోటుబుక్కు

ఇక అసలు పని. పత్రిక దగ్గర చతికిలబడటానికి కారణం పదాలు తెలియకపోవడం కాదు, తెలిసిన పదాలు ముందూ వెనకా తోకలు తగిలించుకుని గుర్తుపట్టలేకుండా రావడం. నిఘంటువు కూడా వేరుమాటల, అంటే ఏ తోకా తగలని మూల పదాల, వరుసలోనే ఉంటుంది. ‘మెనులిస్’ (రాయడం) చూడాలంటే ‘తులిస్’ దగ్గరికి వెళ్ళాలి. ఆ తకారం ఎటు పోయిందో తెలియనివాడికి నిఘంటువు తెరుచుకోదు.

నియమం ఇది. ‘మె’ తగిలినప్పుడు ప, త, క, స లతో మొదలయ్యే మాటల తొలి అక్షరం కరిగిపోయి అదే చోట పలికే అనునాసికం వస్తుంది. పుకుల్ కొట్టడం, మెముకుల్ అవుతుంది. తులిస్ మెనులిస్. కిరిమ్ (పంపడం) మెఙిరిమ్. సాపు (ఊడ్చడం) మెన్యాపు. మిగిలినవి కరగవు: బాచ మెంబాచ, చారి (వెతకడం) మెంచారి, లీహత్ (చూడటం) మెలీహత్. వర్గాల వారీగా అనునాసికాలు నేర్చుకున్న మనకు ఇది కొత్త కాదు. పకారానికి మ, తకారానికి న, కకారానికి ఙ. కచటతపలు నేర్పిన పంతులుగారికి దణ్ణం పెట్టుకుని ముందుకు సాగండి.

మొదటి వారంలోనే ఒక లావు నోటుబుక్కు కొనండి. ఒక పేజీకి ఒకే వేరుమాట. ఉదాహరణకు ‘ఆజర్’. దాని నుంచి బెలాజర్ (నేర్చుకోవడం), మెఙాజర్ (బోధించడం), పెలాజర్ (బడి విద్యార్థి), పెలాజరన్ (పాఠం), పెఙాజర్ (బోధకుడు), ఆజరన్ (బోధ), మెంపెలాజరి (లోతుగా చదవడం), తెర్‌పెలాజర్ (విద్యావంతుడు). ఒక మాట తెలిస్తే ఎనిమిది వచ్చాయి. ఎదురైన కొత్త రూపాన్నల్లా దాని వేరు ఉన్న పేజీలో రాయండి, వాక్యంతో సహా. అక్షర క్రమంలో పదాల పట్టిక రాసుకునేవాళ్ళను చూస్తే నాకు జాలి. ఈ భాషలో అది చెల్లదు.

చివరి ప్రత్యయాలు ‘కన్’, ‘ఇ’ రెండో సెమిస్టరు దాకా వేధిస్తాయి. ‘కన్’ చాలాసార్లు మన ‘ఇంచు’, ‘పెట్టు’ల పని చేస్తుంది: మాసుక్ లోపలికి వెళ్ళడం, మెమాసుక్కన్ లోపల పెట్టడం. మెమింజమ్ అప్పు తీసుకోవడం, మెమింజమ్కన్ అప్పు ఇవ్వడం. ‘ఇ’ తగిలితే పని ఒక చోటు మీదికో మనిషి మీదికో మళ్ళుతుంది: దాతంగ్ రావడం, మెందాతఙి ఒకరి దగ్గరికి రావడం, మెందాతంగ్కన్ రప్పించడం. రెంటినీ తారుమారు చేస్తే ఒక్కోసారి ప్రమాదం. ‘మెనిదుర్కన్’ అంటే బిడ్డను నిద్రపుచ్చడం. అక్కడ ‘కన్’ తీసి ‘ఇ’ పెట్టారంటే తరగతి గదిలో అనకూడని మాట అవుతుంది. ఎందుకో మీ పెఙాజర్‌ను అడగకండి, నిఘంటువును అడగండి.

రాతలో ఇంకొకటి. ‘ది’ ఉపసర్గ అయితే క్రియకు కలిపి రాయాలి, ‘లో’ అనే అర్థమిచ్చే విడిమాట అయితే విడిగా రాయాలి. దిబాచ (చదవబడింది) కలిపి, ది రుమః (ఇంట్లో) విడిగా. దేశస్థులే దుకాణాల బోర్డుల మీద దీన్ని తారుమారు చేస్తుంటారు. అయినా మీ జవాబు పత్రంలో మార్కు తీసేస్తారు.

ప్రభుత్వం వారి పెద్ద నిఘంటువు ‘కేబీబీఐ’ మొదటిసారి 1988లో అచ్చయింది. ఇప్పుడు ఉచితంగా ఫోనులో దొరుకుతుంది. ఇండోనేషియన్‌కు ఇండోనేషియన్‌లోనే అర్థాలు. రెండో నెల నుంచి దానికి మారిపోండి. మొదట ఒక్క పదం చూడబోతే అర్థంలో ఇంకో మూడు తెలియనివి తగులుతాయి. చిరాకుపడి ఇంగ్లీషు నిఘంటువుకు వెనక్కి పోకండి.

గ్రంథాలయంలో 1972కు ముందు అచ్చయిన పుస్తకం చేతికొస్తే రాత వేరుగా కనపడుతుంది. ఆ ఏడాది ఆగస్టులో రాత పద్ధతిని సంస్కరించారు. ‘చ’, ‘జ’, ‘య’ల స్పెల్లింగులు మారాయి. మనుషుల పేర్లలో మాత్రం పాత రాతే చాలా చోట్ల మిగిలింది.

తరగతి మర్యాదలు

తెలుగువాళ్ళకు ఇక్కడ చెప్పవలసింది తక్కువ, ‘సార్ వచ్చారా’ అనే అలవాటు మనకుంది. లెక్చరర్‌ను ‘దోసేన్’ అంటారు. మగవారైతే ‘పాక్’, ఆడవారైతే ‘బూ’ అని పిలిచి, వెనకే వాళ్ళ మొదటి పేరు చేర్చాలి. చాలామందికి ఇంటిపేరే ఉండదు. ‘మీరు’ అనడానికి పుస్తకాల్లో ‘అందా’ అని నేర్పుతారు, దాన్ని దోసేన్ దగ్గర వాడకండి. సర్వనామం బదులు పాక్, బూ అనే మాటలే వాడాలి. ‘కాము’ అంటే నువ్వు, స్నేహితులకు మాత్రమే. జావాలో తోటివారిలో కాస్త పెద్దవాడైన మగవాణ్ణి ‘మాస్’ అని, ఆడపిల్లను ‘ంబాక్’ అని పిలవడం మామూలు. కాఫీ తెచ్చిచ్చే వ్యక్తికీ ఇదే పిలుపు చాలు.

దోసేన్‌కు ఫోనులో సందేశం పంపడం ఒక చిన్న కళ. పొద్దున్నా మధ్యాహ్నమా సాయంత్రమా చూసి దానికి తగిన పలకరింపు, తర్వాత ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ, మీ పూర్తి పేరు, విద్యార్థి నంబరు, ఏ తరగతో, అప్పుడు విషయం, చివర కృతజ్ఞత. విషయం ఒక్క వాక్యమే అయినా మిగిలినవన్నీ ఉండాలి. రాత్రి పొద్దుపోయాక పంపకండి. హాజరు చాలా చోట్ల 75 శాతం ఉండాలి, లేకపోతే సెమిస్టరు చివరి పరీక్షకు కూర్చోనివ్వరు.

గడియారం దగ్గర జాగ్రత్త. ‘సెతెఙః దెలాపన్’ అంటే మాటకు మాట చూస్తే సగం ఎనిమిది. మనకు ఎనిమిదిన్నర గుర్తొస్తుంది. అది ఏడున్నర. ఎనిమిదికి అరగంట తక్కువ అని లెక్క. పరీక్ష రోజున ఈ తేడా ఖరీదైనది. ‘జమ్ దువ’ రెండు గంటల వేళ, ‘దువ జమ్’ రెండు గంటల సేపు.

లెక్కల్లో లక్షలు, కోట్లు ఉండవు. లక్ష ‘సెరాతుస్ రిబు’, అంటే నూరు వేలు. పది లక్షలు ‘సెజుత’. కోటి ‘సెపులుః జుత’. రుపియా నోట్లలో లక్ష నోటు పెద్దది కనుక మొదటి రోజే ఈ లెక్క కావాలి. వేల దగ్గర చుక్క పెడతారు, దశాంశం దగ్గర కామా: 25.000 అంటే ఇరవై అయిదు వేలు. కొట్లో వేలు అన్న మాట మింగేసి ‘దువ లిమ’ అంటారు, రెండు, అయిదు అని. అది ఇరవై అయిదు వేలే.

రెండు ఇండోనేషియన్లు

తరగతిలో నేర్పేది ‘బాకు’, అంటే ప్రామాణిక భాష. గేటు దాటగానే ఎవరూ అలా మాట్లాడరు. తిదాక్ ‘ఙ్గాక్’ అయిపోతుంది, సుదః ‘ఉదః’ అయిపోతుంది, క్రియల ముందు ‘మె’ ఎగిరిపోతుంది. వాక్యం చివర దోంగ్, సిః, కోక్ అని చిన్న చిన్న ముక్కలు వచ్చి చేరతాయి. వీటిలో ‘కన్’ ఒకటి అచ్చం మన ‘కదా’. గిడుగు రామమూర్తి పంతులుగారి గ్రాంథిక, వ్యావహారిక వాదాలు విన్న జాతికి ఇది వింత కాకూడదు. కానీ తరగతి భాషను చులకన చేసి వీధి భాషే అసలుదని ఊగిపోయే విద్యార్థులు ప్రతి జట్టులోనూ ఉంటారు. వాళ్ళు స్నేహితులను బాగానే సంపాదించుకుంటారు, రెండో సెమిస్టరులో వ్యాసం రాయమంటే చేతులెత్తేస్తారు. నా మాట వింటే మొదటి సెమిస్టరంతా నోటితో కూడా ‘మె’ వదలకుండా మాట్లాడండి. కొంచెం పుస్తకంలా వినిపిస్తారు, ఏమీ కాదు. చెవిని మాత్రం వీధికి అప్పగించండి. వినడం రెండు భాషల్లో, మాట్లాడటం ఒక్కదాంట్లో. ‘మె’ ఎక్కడ రావాలో తడుముకోకుండా తెలిశాక దాన్ని వదిలేయడం ఒక్క రోజు పని, తెలియకుండా వదిలేసినవాడికి తిరిగి పట్టుకోవడం ఏడాది పని.

హాస్టలు కన్నా ‘కోస్’ మంచిది. కుటుంబం నడిపే అద్దె గదులవి. ఇంటి యజమానురాలితో రోజూ నాలుగు మాటలు మాట్లాడక తప్పదు. విదేశీ విద్యార్థులంతా ఒకే కోస్‌లో దిగితే మాత్రం మీ ఇంగ్లీషు బాగుపడుతుంది.

పత్రిక, పరీక్ష

మూడో నెల రాకముందే, అంటే ఇంకా ఏమీ అర్థం కాని దశలోనే, రోజుకు ఒక్క పేరా పత్రిక చదవడం మొదలుపెట్టండి. 1965 నుంచి వస్తున్న ‘కొంపాస్’ భాష శుభ్రంగా ఉంటుంది. మొదట ఆ పేరాలో ప్రతి మాట తోకలూ కొమ్ములూ తీసేసి వేరుమాట కింద గీత గీయండి. అర్థం చూడటం ఆ తర్వాత. పొడి అక్షరాల మాటలు తగులుతూనే ఉంటాయి: ‘పుస్కెస్మస్’ ప్రజారోగ్య కేంద్రం, ‘సెంబాకో’ తొమ్మిది నిత్యావసర సరుకులు, ‘పిల్కద’ స్థానిక పాలకుల ఎన్నిక, ‘జబోదెతాబెక్’ జకార్తా, బొగోర్, దెపోక్, తాంగెరాంగ్, బెకాసి కలిపిన మహానగరం. ఇవి నిఘంటువులో వేరుమాటలుగా దొరకవు కనుక నోటుబుక్కు చివరి పేజీలు వీటికి వదలండి.

కోర్సు ధ్రువపత్రం కాక విడిగా స్థాయి నిరూపించుకోవాలంటే ‘ఉక్బి’ పరీక్ష ఉంది. ప్రభుత్వ భాషా సంస్థ నడుపుతుంది. వినడం, నియమాలకు స్పందించడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని అయిదు భాగాలు. ఫలితం ఏడు మెట్లలో, ‘తెర్‌బాతస్’ అట్టడుగు, ‘ఇస్తిమేవ’ అన్నిటికన్నా పైన. మొదటి ఏడాది చివర ‘మద్య’, అంటే మధ్యమ మెట్టు అందుకుంటే నా లెక్కలో బాగా చదివినట్టే. అనువాదం చేయాలనుకునేవారు రెండో భాగానికి ఎక్కువ సమయం ఇవ్వండి, వాక్యంలో తప్పు పట్టించే ప్రశ్నలు అందులోనే వస్తాయి. ‘కన్’, ‘ఇ’, కలిపి రాసే ‘ది’, విడిగా రాసే ‘ది’. పరీక్షకు వారం ముందు కొత్త పదాలు నేర్చుకోవడం ఆపేసి, నోటుబుక్కులో రోజుకు ఇరవై పేజీలు తిరగేసి, ప్రతి వేరుమాటతో ఒక ‘కన్’ వాక్యం, ఒక ‘ఇ’ వాక్యం రాయండి. ఏ మాటకు రెండోది కుదరదో అప్పుడు తెలుస్తుంది. ఆ జాబితాను దోసేన్‌కు చూపించండి.